కుడి కంటికి నూట ఎనభై

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రో స్తంభాలు ఎన్ని ఉన్నాయో కట్టినవాళ్లకైనా గుర్తుందో లేదో గాని, మా ఆవిడకు గుర్తుంది. ఒక ఎండాకాలం సాయంత్రం నా స్కూటర్ వెనక సీటు మీద కూర్చుని ఆమె వాటిని లెక్కపెట్టింది. సరదాకి కాదు. ప్రతి స్తంభం దగ్గరా నేను బ్రేకు వేశాను. ప్రతి బ్రేకుకీ ఆమె ముక్కు నా వీపుకు గుద్దుకుంది. లెక్క దానంతట అదే తేలింది.

"ఏందండీ, ఊకె ఊకె బ్రేకేస్తున్నరు?"

"కొత్తగా స్పీడు బ్రేకర్లు వేశారు చూశావా? అడుగుకొకటి."

"ఏడున్నయ్?"

"అదిగో, నల్లగా అడ్డంగా."

"గది పిల్లర్ నీడ!"

నేను మంచి మాట చెబితే వినే మనిషిని. నల్లగా అడ్డంగా కనిపించేదల్లా నీడేనని అక్కడికక్కడే నేర్చుకున్నాను. నేర్చుకున్న పాఠాన్ని కొత్తపేట దగ్గర అమలు చేశాను. అక్కడ మాత్రం అది నీడ కాదు. ఇద్దరం లేచాం. మెట్రో పట్టాల ఎత్తుకు లేచామని అంటే మీరు నమ్మరు గనుక అనను. కాని పైన వెళ్తున్న రైలు కిటికీలోంచి ఒక పెద్దాయన మాకేసి చూసి పక్కకు జరిగి చోటిచ్చినట్టు నాకు లీలగా గుర్తుంది. ఆమె ఒళ్లోని సంచిలోంచి రెండు కిలోల టమాటాలు విజయవాడ రోడ్డు మీద మాకన్నా ముందే ఎల్‌బీ నగర్ వైపు బయల్దేరాయి.

ఇంటికొచ్చాక చెప్పులు కూడా విప్పకుండా తీర్పు చెప్పింది.

"రేపు కండ్లు సూపిచ్చుకోవాలె. సంవత్సరం సంది మొత్తుకుంటున్న. కండ్లు మంచిగున్నయంటే సరే. లేవన్నరనుకో, ఈ బండి మా తమ్మునికి ఇచ్చేస్త. మీరు మెట్రోల పోండ్రి."

ఇక్కడ మా బామ్మర్ది గురించి చెప్పకపోతే కథ నడవదు. మీర్‌పేట్‌లో ఉంటాడు. మనిషి బంగారం. కాని నా స్కూటర్ మీద అతనికున్న ప్రేమ పెళ్లైన మనిషికి ఉండకూడని రకం. ఎప్పుడొచ్చినా నన్ను పలకరించే ముందు దాన్ని పలకరిస్తాడు. సీటు మీద దుమ్ము తుడుస్తాడు. "బావా, ఇంజను జర దగ్గుతుంది, మంచిగ సూస్కో" అని నిట్టూరుస్తాడు. ఈ తీర్పు వాడి చెవిన ఎలా పడిందో గాని మర్నాడు పొద్దున్నే టేపు పట్టుకుని వచ్చాడు.

"ఏంట్రా కొలుస్తున్నావు?"

"ఏం లేదు బావా. సీటు కవర్ కుట్టిపిద్దామని."

"నా సీటుకా?"

"సీటుకు బావా, సీటుకు" అన్నాడు, ‘నా’ అన్న మాటను జాగ్రత్తగా తప్పించుకుంటూ.

ఆ స్కూటర్ నాకేమిటో చెప్పాలంటే ముందు నా రోజెలా గడుస్తుందో చెప్పాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఉద్యోగ పరీక్షల పిల్లలకు చరిత్ర చెబుతాను. మూడు వందల మంది ఒకేసారి నన్ను ప్రశ్నలు అడుగుతారు. ఇల్లు చేరితే మా హాల్లో మా ఆవిడ దగ్గర లెక్కల ట్యూషన్‌కి వచ్చిన ఆరు నుంచి పది దాకా తరగతుల పిల్లలు ఎక్కాలు అరుస్తుంటారు. ఈ రెండింటికీ మధ్య స్కూటర్ మీద ఉండే ఆ పాతిక నిమిషాలే ఈ భూమ్మీద నా సొంతం. హెల్మెట్ లోపల నన్నెవరూ ఏమీ అడగరు. నాకు ఇష్టమైన చోట ఆగి చాయ్ తాగుతాను. ఆ పాతిక నిమిషాలు మీర్‌పేట్ పోతాయంటే నా ప్రాణం ఎంత విలవిల్లాడిందో మీరే ఊహించుకోండి.

ఆ రోజే క్లాసు కాగానే సెంటర్ వెనక సందులో ఉన్న కళ్లద్దాల షాపుకు వెళ్లాను. తెల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద ఇనప ఫ్రేము పెట్టి, అందులో అద్దాలు దోపడం మొదలుపెట్టింది. 

"సార్, ఒకటి మంచిగుందా, రెండు మంచిగుందా?"

ఇలాంటి ప్రశ్నలకు జవాబు పెట్టే విద్య పదిహేనేళ్లుగా నేర్పుతున్నవాణ్ని నేను. తెలియకపోయినా ఖాళీ వదలకూడదు. "ఒకటి" అన్నాను.

"ఇప్పుడు?"

"రెండు."

"ఇప్పుడు?"

వరసగా రెండుసార్లు రెండు రాదు. "ఒకటి" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "సార్, ఊహించి చెప్పకండి. ఏది కనిపిస్తే అది చెప్పండి" అని మళ్లీ మొదటికొచ్చింది. తర్వాత సూర్యుడి కిరణాల్లా గీసిన గీతల బొమ్మ చూపించింది. కొన్ని గీతలు బొగ్గుతో గీసినట్టు నల్లగా, కొన్ని పెన్నులో ఇంకు అయిపోయినట్టు మసగ్గా ఉన్నాయి. బొమ్మ సరిగ్గా అచ్చు వెయ్యలేదని చెప్పాను. ఆమె నవ్వి, "బొమ్మ సక్కగనే ఉంది సార్" అంది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

చివరికి ఒక చీటీ రాసిచ్చింది. "భయపడేదేం లేదు సార్. కొంచమే ఉంది. అద్దాలు పెట్టుకుంటే అంతా మంచిగ కనిపిస్తది."

సరిగ్గా ఇదే గొంతుతో, ఇదే మాటలు, పరీక్ష పోయిన పిల్లలకు నేను చెబుతుంటాను. 

బయటికొచ్చి ఫుట్‌పాత్ మీద నిలబడి, చీటీని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని చదివాను. మూడు గళ్లు. మొదటి గడిలో ఎస్‌పీహెచ్ అని, రెండు కళ్లకీ మైనస్ సున్నా పాయింట్ యాభై. రెండో గడిలో సీవైఎల్ అని, కుడి కంటికి మైనస్ ఒకటి పాయింట్ యాభై, ఎడమ కంటికి మైనస్ అర. వీటిని నేను లెక్కచెయ్యలేదు. మైనస్ అంటే మా సెంటర్లో తప్పు జవాబుకు కోసే మార్కు. అరా ఒకటిన్నరా పోతే ఎవరూ చావరు. మూడో గడిలో యాక్సిస్ అని ఉంది. ఎడమ కంటికి పది.

కుడి కంటికి నూట ఎనభై.

దిల్‌సుఖ్‌నగర్ గాలి పీల్చి బతికేవాడికి అంకె కనిపిస్తే రెండే తోస్తాయి, మార్కు లేకపోతే ర్యాంకు. ఇక్కడ గోడల నిండా అంకెలే, ఒక్కో అంకె కింద ఒక్కో పిల్లవాడి నవ్వు మొహం. నేను లెక్క కట్టాను. ఎడమ కన్ను పది పాడైతే, కుడి కన్ను నూట ఎనభై పాడైంది. అంటే పద్దెనిమిది రెట్లు. ఆ కన్ను ఇంకా మొహంలోనే ఎందుకుందో, ఏ ధైర్యంతో ఉందో అర్థం కాలేదు. ఎడమ కన్ను మూసి చూశాను. ఎదురుగా చెప్పుల దుకాణం కనిపిస్తూనే ఉంది. నూట ఎనభై వచ్చిన కన్ను చెప్పుల దుకాణం ఎలా చూస్తోందీ అని దాని మీద జాలేసింది.

ఇప్పుడీ చీటీ ఇంటికి తీసుకెళ్లాలి. తలుపు దగ్గర టేపు పట్టుకుని బామ్మర్ది.

నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుపడాలి గాని, ఎంత శుభ్రంగా చేశానో తలుచుకుంటే సిగ్గు కాస్త వెనక్కి తగ్గుతుంది. ఏడో తరగతిలో ప్రోగ్రెస్ రిపోర్టు మీద నేను సాధించిన విద్య ఒకటుంది. సగం బ్లేడు కావాలి. కాగితాన్ని కొయ్యకూడదు, గీకకూడదు, ఊపిరి బిగబట్టి నిమరాలి. తర్వాత బొటనవేలి గోరుతో రుద్దితే గరుకు పోతుంది. సెంటర్ స్టాఫ్ రూములో, తలుపు గడియ వేసుకుని, నలభై ఏళ్ల తర్వాత మళ్లీ పట్టాను బ్లేడు. చెయ్యి వణకలేదు. నూట ఎనభైలో చివరి సున్నా మాయమైంది. మిగిలింది పద్దెనిమిది. పక్కన పది. పది, పద్దెనిమిది. ఎంత మర్యాదగా ఉన్నాయి! సంసారపక్షంగా ఉన్నాయి.

మా ఆవిడ ట్యూషన్ పిల్లల మధ్యలో నిలబడే చీటీ చూసింది. "గంతేనా? ఎంత పరేషానైన!" అంది. నిజంగానే ఆమె భుజాలు కిందికి దిగాయి. "డ్రైవింగ్‌కి ఏమన్న అన్నరా?"

"అద్దాలు పెట్టుకుంటే అంతా బానే కనిపిస్తుందంది." ఒక్క అక్షరం అబద్ధం లేదు.

బామ్మర్ది టేపు చుట్టుకున్నాడు. వాడి మొహం చూడలేకపోయాను. చూడలేకపోవడానికి కంటి దోషం కారణం కాదు.

అంతటితో ఆ చీటీ ఏ పుస్తకంలోనో పోగొట్టుకుందామని నా ఆలోచన. కాని మా ఆవిడ పని మొదలుపెడితే నా ఆలోచనల కోసం ఆగదు. మర్నాడు నేను క్లాసులో ఉండగా ఎల్‌బీ నగర్‌లో మా ఇంటి దగ్గరి షాపుకు చీటీ, కొలతకని నా నల్ల చలువద్దాలు తీసుకుని వెళ్లి అద్దాలు చెయ్యమని ఇచ్చేసింది. మూడో రోజు తెచ్చి తనే స్వయంగా నా ముక్కు మీద పెట్టింది.

"ఎట్లుంది?"

ఎట్లుందంటే, మా హాలు మెల్లగా బాలాపూర్ వైపు ఒరిగింది. తలుపు నిట్టనిలువుగా ఉండాల్సింది, ఎవరికోసమో తొంగి చూస్తున్నట్టు వంగింది. నేల వంటింటి దిక్కు నుంచి నా మీదకు ఏటవాలుగా దిగుతోంది. పళ్లెంలో దోసె కోడిగుడ్డు ఆకారంలోకి వెళ్లింది. 

"అద్భుతం" అన్నాను, గోడ పట్టుకుని.

ఆ వారం నేను బతికిన బతుకు పగవాడికి వద్దు. తల ఒక పక్కకు వంచితే లోకం కాస్త నిటారుగా నిలబడేది. కాబట్టి వంచే ఉంచాను. క్లాసులో పిల్లలు ఏం చెప్పినా నేను అనుమానిస్తున్నానని వాళ్లు అనుకున్నారు. ఒకడు శాతవాహనుల గురించి సరైన జవాబే చెప్పి, నా తల చూసి, భయపడి మార్చుకున్నాడు. మెట్రో మెట్ల దగ్గర లేని మెట్టు ఎక్కాను. ఉన్న మెట్టు ఎక్కలేదు. రోడ్డు మీద స్కూటర్‌ని శ్రీశైలం ఘాట్‌లో నడిపినట్టు ఒరిగి నడిపాను. బామ్మర్ది వచ్చి నా మెడ చూసి, బాధపడి, నొప్పుల మందు రాశాడు. రాస్తూ రాస్తూ కిటికీలోంచి స్కూటర్‌ని చూసుకున్నాడు.

"బావా, నీ మెడ బాగైతలేదు. బండి నడుపుడు తగ్గించరాదు?"

"నా మెడ బ్రహ్మాండంగా ఉంది" అన్నాను, వాడి చెవితో. వాడి మొహం అక్కడే ఉందనుకున్నాను.

నిజం చెప్పేద్దామని రోజుకు రెండుసార్లు అనుకునేవాణ్ని. చెబితే నూట ఎనభై బయటపడుతుంది. నూట ఎనభై బయటపడితే తాళంచెవి మీర్‌పేట్ వెళ్తుంది. మళ్లీ గోడ పట్టుకునేవాణ్ని.

ఆదివారం మా ఆవిడ వెనక కూర్చుంది. వంద గజాలు కూడా పోలేదు.

"ఆపండ్రి."

ఆపాను.

"ఎందుకట్ల వంగి నడుపుతున్నరు? నేను కింద పడ్తనేమో అని అంగి పట్టుకుంటే, చూడండ్రి, గుండీ గూడ ఊడింది. అద్దాలు తప్పు చేసిన్రు వాళ్లు. నడువుండ్రి షాపుకు. ఇయ్యాల వాని సంగతి సూస్త."

మా ఆవిడ ఒకరి సంగతి చూడటమంటే ఏమిటో మా వీధి పాలవాణ్ని అడగండి. ఆ షాపాయన ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ నెమ్మదైన మనిషి, మా ఆవిడ గొంతు వినగానే ఫ్యాను వేశాడు. అద్దాలను ఒక యంత్రంలో పెట్టి లోపలికి చూశాడు.

"పద్దెనిమిది దగ్గరే ఉందమ్మా. మీరిచ్చిన చీటీలో ఏముందో అదే చేశాం. ఇదిగో చూసుకోండి, పద్దెనిమిదేగా? మా తప్పేం లేదండి."

"అయితే ఆ దిల్‌సుఖ్‌నగర్ పిల్ల తప్పు రాసింది" అంది మా ఆవిడ.

"తప్పు ఎవరిదైతే ఏముందిలే" అన్నాను నేను. "ఇంకో వారం వాడితే అలవాటవుతుందట."

"మీరు ఊకుండ్రి."

స్కూటర్ అక్కడే పెట్టించి, తాళంచెవి తన సంచిలో వేసుకుని, నన్ను మెట్రో ఎక్కించింది. మూడు స్టేషన్ల ప్రయాణం. జైలుకు తీసుకెళ్లేవాళ్లకు కూడా దారి కాస్త పొడుగ్గా ఉంటుంది. పాపం ఆ అమ్మాయి, మంచి మనసుతో పరీక్ష చేసినందుకు, నా మూలాన మాట పడబోతోంది. షాపు మెట్ల దగ్గర "ఒక్క మాట" అన్నాను. మా ఆవిడ అప్పటికే లోపల ఉంది.

తెల్లకోటు అమ్మాయి కంప్యూటర్‌లో చూసింది. "నేను కుడి కంటికి నూట ఎనభై రాసిన మేడం. ఇందులో కూడా అదే ఉంది."

"చీటీల పద్దెనిమిదే ఉంది కదమ్మా!"

ఆ అమ్మాయి చీటీ తీసుకుని ట్యూబ్‌లైటు వైపు ఎత్తి పట్టుకుంది. పద్దెనిమిది పక్కన కాగితం పల్చబడిన చోటు నుంచి వెలుగు గుండ్రంగా దిగింది. సున్నా. ఇంకుతో రాసినప్పటికన్నా ఇప్పుడే స్పష్టంగా ఉంది. ఆ అద్దాల్లోంచి కూడా నాకు అది ఏ వంకరా లేకుండా కనిపించింది.

మా ఆవిడ ఆ వెలుగును చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను కళ్ల పరీక్ష గీతల బొమ్మను శ్రద్ధగా చూశాను.

"బ్లేడా?" అంది.

"సగం బ్లేడు" అన్నాను.

"ఏడాదికి ఇద్దరు పిల్లలను పట్టుకుంట నేను గిట్ల గోకినోళ్లను. ఆరో తరగతోళ్లను! మీసాలు తెల్లబడ్డోన్ని పట్టుకునుడు ఇదే మొదటిసారి. ఎందుకు చేసిన్రు?"

చెప్పేశాను. కన్ను నూట ఎనభై పాడైందనీ, తెలిస్తే బండి మీ తమ్ముడికి ఇచ్చేస్తావనీ, నాకు మిగిలింది ఆ పాతిక నిమిషాలేననీ చెప్పాను. పాతిక నిమిషాల సంగతి రెండుసార్లు చెప్పాను. కావాలని కాదు.

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి ముఖానికి ఫైలు అడ్డం పెట్టుకుంది. నవ్వింది మాత్రం మా ఆవిడ. ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తర్వాత బల్ల పట్టుకుని, తర్వాత స్టూలు మీద కూర్చుని నవ్వింది. పరీక్షకొచ్చిన వాళ్లందరూ ఏ అక్షరం అంత నవ్వు తెప్పిస్తోందా అని బోర్డు వైపు చూశారు. 

"అమ్మా, ఈయనకు నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

"నేను చెప్తా మేడం. సార్, మీ కంటి ముందుభాగం బంతి లెక్క గుండ్రంగ ఉండాలె. మీది కొంచెం గుడ్డు లెక్క ఉంది, ఒక దిక్కు వంపు ఎక్కువ. శానామందికి ఉంటది. మొదటి గడిలది అన్ని దిక్కులకు ఒక్కతీరుగ కావాల్సిన పవర్. రెండో గడిలది ఒక్క దిక్కుకు మాత్రం అదనంగ కావాల్సింది. మీకు ఒకటిన్నర, గంతే. మూడో గడిలది పవరే కాదు సార్. ఆ అదనపు పవర్‌ని ఏ దిక్కుకు తిప్పి బిగించాలో చెప్పే డిగ్రీలు. అది ఎక్కువైనా తక్కువైనా కన్ను పాడైనట్టు కాదు."

మా ఆవిడ సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కోణమానిని తీసింది. ట్యూషన్ చెప్పేవాళ్ల సంచిలో అవి చింతపండు కింద కూడా దొరుకుతాయి. బల్ల మీద పెట్టి, వేలితో చూపించింది.

"ఇది సున్నా. ఇట్ల పోతే తొంబై, నిలువు గీత. ఇంకా ఇట్ల పోతే నూట ఎనభై. ఏం గీత?"

"అడ్డగీత."

"సున్నా ఏం గీత?"

"అదీ... అడ్డగీతే."

"అదే సార్" అంది ఆ అమ్మాయి. "మేము సున్నా అని రాయం, నూట ఎనభై అని రాస్తం. రెండు ఒక్కటే."

వారం రోజులు నన్ను నిద్రపోనివ్వని నూట ఎనభై, నేను బ్లేడు పట్టిన నూట ఎనభై, సున్నాట! నేను దాన్ని తగ్గించానని మురిసిపోయాను గాని, నిజానికి సున్నాను పద్దెనిమిది దాకా తిప్పాను. సరైన దిక్కున ఉండాల్సిన అద్దం ఆ మేరకు వంకర తిరిగి, మా హాలును బాలాపూర్ పంపించింది.

"మొదటి రోజే నాకు చూపిస్తే అయిపోతుండె" అంది మా ఆవిడ. "ఇంట్ల లెక్కల టీచర్‌ను పెట్టుకొని!"

"చూపించాను కదా?"

"గోకి చూపించిన్రు."

ఆమె కోణమానినిని సంచిలో వేసుకుంటూ మెల్లగా అంది. "బండి ఇచ్చేస్త అంటేనే మీరు కండ్లు సూపిచ్చుకుంటరని అన్న. నీడకు బ్రేకేస్తె నాకు భయం కాదు. నీడ కాదని పోతరు చూడండ్రి, అది భయం."

అద్దాలు మళ్లీ చెయ్యడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ తాళంచెవి కందిపప్పు డబ్బాలో ఉంది. నాకు తెలుసు. ఆమెకు నాకు తెలుసని తెలుసు. నేను మెట్రోలో, ఎవరి మోచెయ్యో నా పక్కటెముకల్లో పెట్టుకుని వెళ్లొచ్చాను. ఇంటికి రాగానే హాల్లో ఆరో తరగతి పిల్లల వరసలో చాప మీద కూర్చోబెట్టి, సున్నా నుంచి నూట ఎనభై దాకా పదేసి డిగ్రీల చొప్పున కోణాలు గీయించింది. నా పక్కనున్న పాప, "అంకుల్, మీది తొంబై వంకరొచ్చింది" అని నా పుస్తకం మీద చూపుడువేలు పెట్టింది. ఎర్ర పెన్నుతో మా ఆవిడ అది ఖాయం చేసింది.

కొత్త అద్దాలు వచ్చిన రోజు పెట్టుకుని చూశాను. తలుపు నిలబడింది. నేల పడుకుంది. దోసె గుండ్రంగా ఉంది. గోడ మీద ఎప్పుడో మేకు కొట్టి నేను వేలాడదీసిన దేవుడి పటం మాత్రం ఇంకా ఒక పక్కకు ఒరిగే ఉంది. అది పదేళ్లుగా అంతేనని మా ఆవిడ చెప్పింది.

అదే సమయానికి బామ్మర్ది వచ్చాడు. చేతిలో సీటు కవర్. ముదురు ఎరుపు, నల్ల అంచు, రెండు వైపులా కుచ్చులు. 

"అక్కా, ఏమైంది? బండి తీస్కపోవాల్నా?"

"లేదురా. బావ కండ్లు సున్నా వచ్చినయి."

వాడు అదిరిపడ్డాడు. "సున్నానా! మరి బండి ఎట్ల నడుపుతడు?"

"మస్తుగ నడుపుతడు. కవర్ తెచ్చినవు కదా, తొడిగిపో."

పాపం, తొడిగాడు. పెళ్లికూతురిని సాగనంపుతున్నట్టు నాలుగు మూలలూ సర్దాడు. నాకు నిజంగా జాలేసి, ఆదివారాలు తీసుకెళ్లమన్నాను. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయని నేను ప్రమాణం చేసి చెప్పగలను, ఇప్పుడు నా చూపుకు ఢోకా లేదు.

మా ఆవిడ కందిపప్పు డబ్బాలో చెయ్యి పెట్టి తాళంచెవి తీసిచ్చింది. దానికి కొత్త గొలుసు ఉంది. గొలుసు చివర, చిన్న చిల్లులోంచి దూర్చి కట్టిన ప్లాస్టిక్ కోణమానిని.

"ఇదేంటి?"

"గుర్తుకు. తీసిన్రో, చాబీ మళ్ల పప్పుల పడ్తది."

ఆ సాయంత్రం టమాటాలకని దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాం. తిరిగి వస్తుంటే ఎండ సరిగ్గా అప్పటిలాగే ఏటవాలుగా ఉంది. స్తంభాల నీడలు రోడ్డు మీద అడ్డంగా పరుచుకుని ఉన్నాయి. ఒక్కో నీడా వచ్చింది, వెళ్లింది. వెనక నుంచి లెక్క సన్నగా వినిపిస్తూనే ఉంది. నేను బ్రేకు మీద వేలు కూడా పెట్టలేదు. కొత్తపేట దగ్గర మాత్రం ముందే నెమ్మది చేసి, పసిపిల్లను దించినట్టు స్కూటర్‌ని స్పీడు బ్రేకర్ మీంచి దించాను. ఒక్క టమాటా కదల్లేదు.

వెనక లెక్క ఆగిపోయింది.

"ఎన్ని అయినయ్?" అని ఆమె యాసలోనే అడిగాను.

"మర్చిపోయిన" అంది, నా అంగీ వదిలేసి సంచి సర్దుకుంటూ. "ముందట చాయ్ బండి ఉంది కదా, మీరు రోజు ఆగేది. ఆపండ్రి, ఎట్లుంటదో నేను గూడ తాగుత."

ఆ చాయ్ బండి సంగతి నేనెప్పుడూ ఇంట్లో చెప్పలేదు. ఆగాను. తాళంచెవికి కట్టిన కోణమానిని టకటకమంటూ ఊగి, ఊగి, మెల్లగా నిలబడింది.